ఆ పుస్తకంలో నా పేరు రెండు చోట్లే ఉంది

అమెరికాలో సెయింట్ లూయిస్ శివారు నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీలు చేత్తో రాసి, ఫొటోలు తీసి పంపారు. పేరు వద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 59 ఏళ్లు. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. మేనమామ పద్యనాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన అద్దం ముందు కూర్చుని ముఖానికి రంగు పూసుకుంటుంటే పక్కన నిలబడి చూస్తూ పెరిగారు. పెళ్లయి 1992లో అమెరికా వచ్చారు. ఒక ఉగాది కార్యక్రమంలో తనకంటే నాలుగేళ్లు పెద్దావిడ పరిచయమయ్యారు. అప్పటి నుంచి ఆవిడ ఈమెకు "అక్క". ఇద్దరూ కలిసి 1996లో తెలిసినవాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో నాటక బృందం మొదలుపెట్టారు. స్కూలు ఆడిటోరియంలు అద్దెకు తీసుకున్నారు. సెట్టింగులు వ్యాన్‌లో వేసుకుని కాన్సాస్ సిటీ, మెంఫిస్, షికాగో దాకా వెళ్లారు. పదిహేనేళ్లు ఆడారు. 2011లో ఒక ప్రదర్శన జమాఖర్చుల్లో నాలుగు వేల డాలర్లకు లెక్క తేలలేదు. నలుగురి ముందు మాటా మాటా పెరిగింది. ఆ రోజు నుంచి పలకరింపులు లేవు.

నిరుడు ఆ అక్క బృందం చరిత్రను 220 పేజీల పుస్తకంగా వేశారు. అందులో ఈమె పేరు రెండు చోట్లే ఉంది. ఒకటి "దుస్తుల విషయంలో సహకరించినవారు" అన్న జాబితాలో, రెండోది ఒక ఫొటో కింద. ఈమె దర్శకత్వం చేసిన మొదటి నాటకం అక్క పేరు మీద ఉంది. "ఆ స్క్రిప్టు ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరు ఎటు నుంచి ఎటు నడవాలో పక్కన నా చేతిరాతతో బాణం గుర్తులున్నాయి. మూడో రంగం మీద టీ మరక కూడా ఉంది" అని రాశారు.

ఇప్పుడు ఆ అక్కకు పార్కిన్సన్స్. చేతులు వణుకుతున్నాయట. ఈమె భర్త "పోనిద్దూ, ఈ వయసులో మనకెందుకు" అంటున్నారు. కూతురు "అంతా రాసెయ్యమ్మా" అంటోంది. ఇంతలో లైబ్రరీలో నోవా లడ్లో అనే పాతకాలపు అమెరికన్ నటుడి పుస్తకం దొరికింది. రెండు నెలలు పట్టి చదివారు. భాగస్వామి చేతిలో ఆయనకూ తనలాగే జరిగిందనిపించింది. "ఎనభై దాటాక ఆయన తన చరిత్ర తాను రాసుకున్నాడు. నేనూ రాసి లెక్క సరిచేయనా? మావారన్నట్టు ఊరుకోనా?" ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని ఒకచోట గీత గీశాను. దాని సంగతి తరవాత చెబుతాను.

"ఈ వయసులో పేరు కోసం పాకులాట ఏమిటి అనుకుంటారేమో" అని మీరు రెండుసార్లు రాశారు. నేను అలా అనుకోవడం లేదు. ఇల్లు కట్టినవాడికి ఇల్లు మిగులుతుంది. సినిమా తీసినవాడికి బొమ్మ మిగులుతుంది. నాటకం ఆడినవాళ్లకు తెర పడ్డాక మిగిలేది చూసినవాళ్ల జ్ఞాపకం, ఒక కరపత్రం, నాలుగు ఫొటోలు. ఆ కాస్తలోంచి కూడా పేరు తీసేస్తే ఆ మనిషి బతుకులోంచి పదిహేనేళ్లు కోసేసినట్టే. మా నాన్నగారు పరిషత్తు నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పేవారు. చేతిలో ప్రతి పట్టుకుని, చిన్న లైటు పెట్టుకుని సైడు వింగులో నిలబడేవారు. ఆయన పేరు ఒక్క కరపత్రంలోనూ పడలేదు. ఆయన పోయాక, ఎర్ర సిరా గుర్తులతో నిండిన ఆ ప్రతులు ట్రంకుపెట్టెలో దొరికితే గానీ తాతయ్య ఏం పని చేసేవారో మా పిల్లలకు తెలియలేదు. అందుకే "పోనిద్దూ" అన్న మాట నా నోట రాదు. మీవారు మీ మీద ప్రేమతోనే ఆ మాట అని ఉంటారు. కానీ పద్నాలుగేళ్లుగా పోనివ్వలేనిది ఇప్పుడు పొమ్మంటే పోదు.

లడ్లో దగ్గరికి వద్దాం. మీరు చదివేశారు గానీ మిగతా పాఠకులకు ఆయనెవరో తెలియాలి.

నోవా లడ్లో 1795 జూలై 4న న్యూయార్క్‌లో పుట్టాడు. 1815లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, ఆల్బనీలో శామ్యూల్ డ్రేక్ అనే ఆయన నాటక సమాజంలో చేరాడు. డ్రేక్, ఆయన పిల్లలు, ఇంకొందరు నటులు, అంతా కలిపి పదిమంది దాకా ఉంటారు. వాళ్లు బయల్దేరింది కెంటకీకి. ఆ రోజుల్లో అమెరికాలో నాటకమంటే న్యూయార్క్, ఫిలడెల్ఫియా లాంటి తూర్పు ఊళ్లే. కొండలు దాటితే అడవి, నదులు, వాటి ఒడ్డున కొత్తగా లేస్తున్న చిన్న చిన్న ఊళ్లు. రైలు ఇంకా రాలేదు. కుర్రాడు లడ్లో అందరికంటే ముందు ఊళ్లోకి పోయి హాలు వెతకాలి, పెద్దమనుషుల అనుమతి అడగాలి, కరపత్రాలు వెయ్యాలి. మన ఊళ్లలో సమాజం దిగడానికి రెండు రోజుల ముందు ఒక మనిషి సైకిలు మీద వచ్చేవాడు చూడండి, అదే ఉద్యోగం. న్యూయార్క్ రాష్ట్రంలోంచి బళ్ల మీద ఓలియన్ అనే చోటికి చేరి, అక్కడి నుంచి అడుగు చదునుగా ఉండే పడవలో అలెఘనీ నది మీద పిట్స్‌బర్గ్ దిగారు. అక్కడ ఆడి, మళ్లీ నదిని పట్టుకుని కెంటకీ చేరారు.

వాళ్ల దగ్గరున్న తెరల సంగతి కూడా లడ్లో రాసిపెట్టాడు. అడవి, వీధి, పార్లర్, వంటిల్లు, రాజభవనం, తోట. షేక్స్‌పియర్ విషాదాంతాల నుంచి నవ్వు నాటకాల దాకా అన్నీ ఈ ఆరు తెరల ముందే నడవాలి. తెనాలి దగ్గర పెరిగిన మీకు ఈ జాబితా చూడగానే దర్బారు సీను, అడవి సీను, వీధి సీను గుర్తొచ్చి ఉంటాయి.

1817లో లడ్లో సొంతంగా సమాజం కట్టి నాష్‌విల్ వెళ్లాడు. ఆ ఏడే అక్కడ పెళ్లి చేసుకున్నాడు. పడవ మీద మిసిసిపీ నది వెంట కిందికి దిగి, 1818 తొలి నెలల్లో న్యూ ఆర్లియన్స్‌లో ఇంగ్లీషు నాటకాలు ఆడాడు. ఫ్రెంచి మాట్లాడే ఊరు అది. 1822లో అదే ఊళ్లో జరిగిన ఒక ముచ్చట ఆయన పేరును అమెరికా చరిత్రలో నిలబెట్టింది. అంతకు ఏడేళ్ల కిందట ఆ ఊరి దగ్గర ఇంగ్లీషు సైన్యం మీద జరిగిన యుద్ధంలో కెంటకీ వేటగాళ్ల పరాక్రమాన్ని పొగుడుతూ శామ్యూల్ వుడ్‌వర్త్ రాసిన గేయం ఒకటుంది. లడ్లో జింకతోలు చొక్కా తొడుక్కుని, మెత్తటి తోలు చెప్పులు వేసుకుని, పాత టోపీ పెట్టుకుని, భుజాన తుపాకీతో స్టేజి మీదికి వచ్చాడు. నేల క్లాసు నిండా పడవలు నడిపే మనుషులు. వాళ్లలో చాలామందిది ఎగువ నది ప్రాంతమే. ఆయన్ని ఆ వేషంలో చూసేసరికి కేకలు, ఈలలు. తమ ఇంటి మనిషి స్టేజి ఎక్కినట్టనిపించింది వాళ్లకు. ఆ రాత్రి ఆ పాట మూడుసార్లు పాడాల్సి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే రెండు వన్స్‌మోర్లు. తరవాత ఆండ్రూ జాక్సన్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆయన ప్రచారంలో ఊరూరా మోగింది ఆ పాటే.

1835లో లడ్లో, సాల్ స్మిత్ అనే మరో నటుడు భాగస్వాములయ్యారు. స్మిత్ ఆరేళ్లు చిన్న. హాస్య పాత్రలకు పెట్టింది పేరు. వేషాలే కాకుండా పత్రిక నడిపాడు, వకీలు పని చేశాడు. ఇద్దరూ కలిసి 1837లో మీ సెయింట్ లూయిస్‌లోనే, థర్డ్ స్ట్రీట్, ఆలివ్ స్ట్రీట్ కలిసే మూల మీద పెద్ద థియేటర్ తెరిచారు. చలి లేని నెలల్లో సెయింట్ లూయిస్, చలికాలంలో అలబామాలోని మొబీల్, న్యూ ఆర్లియన్స్. నది పొడుగునా వాళ్ల థియేటర్లే. థియేటర్ తెరిచిన ఏడే దేశమంతా బ్యాంకులు చతికిలబడ్డాయి. అగ్నిప్రమాదాలు, పచ్చజ్వరాలు, పోటీదారుల ఎత్తులు, అన్నీ తట్టుకుని పద్దెనిమిదేళ్లు నిలబడ్డారు. 1853లో విడిపోయారు. ఆ తరవాత సామరస్యం లేదు. స్మిత్ 1868లో తన రంగస్థల జీవితం మీద పుస్తకం వేసి, 1869లో పోయాడు. లడ్లో 1880లో తన పుస్తకం వేశాడు. ఏడు వందల పేజీలు దాటిన ఆ పుస్తకంలో పాత భాగస్వామి మీద కోపాన్ని దాచుకోలేదు. ఆ తరవాత ఆరేళ్లకు, 1886లో, సెయింట్ లూయిస్‌లోనే కన్నుమూశాడు.

ఇప్పుడు మీ ఉత్తరం ఐదో పేజీ తీయండి. ఆ పుస్తకంలో మీకు నచ్చినవి వరసగా రాశారు. ఆరు తెరలు, పడవ ప్రయాణం, జింకతోలు చొక్కా, ఆల్బనీలో డ్రేక్ సమాజంలో చేరిన డెన్నీ అనే అమ్మాయి తరవాత పడమటి ప్రాంతానికంతటికీ పెద్ద విషాదనాయిక కావడం. పేజీ నిండా ఇవే. స్మిత్‌తో తగవు గురించి మాత్రం "ఆయనకూ అన్యాయం జరిగింది" అని ఒకే ఒక్క వాక్యం. ఆ అన్యాయం ఏమిటో, ఏ ఏడు జరిగిందో, ఎంత డబ్బో మీరు రాయలేదు. లడ్లో పక్షాన నిలబడి, మనసు పెట్టి చదివిన మీకే తగవు గుర్తులేదు. తెరల జాబితా గుర్తుంది. దీని మీద కొంచెం ఆలోచించండి.

ఇంకో సంగతి. సాల్ స్మిత్ రాసింది చదివితే మీకు ఆయన మీద కూడా ఇష్టం కలుగుతుందని నా అనుమానం. చిన్నప్పుడు ఆల్బనీలో టిక్కెట్టు లేకుండా నాటకం చూడాలని, షేక్స్‌పియర్ "మూడో రిచర్డు" నాటకంలో వాడే శవపేటికలో దాక్కున్నాడట. అందులోనే నిద్రపోయాడు. నలుగురు దాన్ని మోసుకుంటూ స్టేజి మీదికి తెచ్చారు. లోపల కుర్రాడు లేచి మూత తీసేసరికి మోసేవాళ్లు హడలిపోయారు. ఇలాంటి కబుర్లు చెప్పేవాడు స్మిత్. మీ సెయింట్ లూయిస్‌లోనే బెల్‌ఫాంటెయిన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. దాని మీద షేక్స్‌పియర్ పంక్తులు చెక్కించి, చివర నాటకం ప్రతిలో రాసినట్టు "సాల్ నిష్క్రమణ" అని పెట్టారు. అంత సరదా మనిషి ఒక రకంగా చెప్పి వెళ్లిపోతే, పదకొండేళ్ల తరవాత కోపంగా ఉన్న మనిషి వచ్చి "అది అలా కాదు" అంటే వినేవాళ్లు ఎటు మొగ్గుతారు? లడ్లో చెప్పినవాటిలో న్యాయం ఉండవచ్చు. కానీ జవాబు చెప్పాల్సిన మనిషి అప్పటికి మట్టిలో ఉన్నాడు. అడగడానికి లేదు, ఒప్పించడానికి లేదు. లడ్లోకు అప్పటికి దొరకని అవకాశం మీకింకా ఉంది. మీ అక్క బతికి ఉన్నారు.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, మీ అమ్మాయి చెప్పింది. అంతా రాసేయడం. 2011 నాటి జమాఖర్చులు, ఆ రోజు ఎవరేమన్నారు, పేరు ఎలా మాయమైంది, అన్నీ. దీని వల్ల మనసు తేలికపడుతుంది. అది చిన్న లాభం కాదు, నేను తీసిపారేయను. కానీ నాలుగు వేల డాలర్ల సంగతి అచ్చులోకి ఎక్కిన మరుక్షణం మీ పదిహేనేళ్ల నాటకాలు వెనక్కి పోతాయి. మీ ఊళ్లో తెలుగువాళ్లు మాట్లాడుకునేది ఆ లెక్క గురించే. పైగా చేతులు వణికే మనిషి కలం పట్టి జవాబు రాయలేరు. ఆవిడ మౌనమే ఆవిడకు వకాల్తా అవుతుంది, జనం జాలి అటు వెళుతుంది. డబ్బు తినేశారని కాగితం ఆధారం లేకుండా అచ్చువేస్తే అమెరికాలో కోర్టు తగాదాకు కూడా దారితీయవచ్చు. ఆ దారే అనుకుంటే ముందు లాయరుకు చూపించకుండా ఒక్క పేజీ కూడా బయటికి ఇవ్వకండి. అసలు ఆ డబ్బు ఆవిడ తీసుకున్నారని మీరు ఉత్తరంలో ఎక్కడా అనలేదు, "తేలలేదు" అనే అన్నారు. మీ నిజాయితీ ఆ ఒక్క మాటలో కనిపించింది. పుస్తకం రాసే ఆవేశంలో ఆ మాట "తినేశారు" అయిపోకుండా చూసుకోండి.

రెండోది, తగవు పక్కనపెట్టి బృందం చరిత్ర రాయడం. ఏ ఏడు ఏ నాటకం, ఎవరు రాశారు, ఎవరు చేశారు, ఎవరు ఏ వేషం కట్టారు, హాలు అద్దె ఎంత, టిక్కెట్టు ఎంత, మంచు తుఫానులో మెంఫిస్ నుంచి ఎలా తిరిగొచ్చారు. అక్క బాగా చేసిన వేషాల గురించి బాగా చేశారనే రాయాలి. ఎనిమిదో పేజీలో మీరే రాశారు, ఆవిడ ముసలమ్మ వేషంలో కర్ర కింద పడేసి వెతుక్కుంటుంటే హాలంతా ఏడ్చిందని. అది మీ పుస్తకంలో ఉండాలి. 2011 గురించి రెండు వాక్యాలు చాలు: జమాఖర్చుల దగ్గర అభిప్రాయభేదం వచ్చింది, నేను తప్పుకున్నాను. మొదటి నాటకం దర్శకత్వం నాదని వాదించనక్కర్లేదు. బాణం గుర్తులున్న ఆ పేజీ ఫొటో వేయండి, టీ మరకతో సహా. చూసినవాళ్లకు అర్థమవుతుంది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, ఇది మెల్లగా పనిచేస్తుంది. ఎవరూ ఫోను చేసి "నీకు అన్యాయం జరిగిందటగా" అనరు. మీ అమ్మాయికి చప్పగా అనిపించవచ్చు. రాస్తున్నంతసేపూ మింగుకోవాల్సిన మాటలు చాలా ఉంటాయి.

ఈ దారి పడితే జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్ముకోకండి. అమెరికా నాటకరంగానికి మొదటి పెద్ద చరిత్ర రాసిన విలియం డన్‌లాప్ కథ ఇక్కడ పనికొస్తుంది. నాటకాలు రాశాడు, న్యూయార్క్‌లో థియేటర్ నడిపి 1805లో దివాలా తీశాడు, బొమ్మలు గీసి బతికాడు. 1832లో ఆ చరిత్ర వేశాడు. అమెరికా నాటకం కథను ఆయన 1752లో లండన్ నుంచి హాలమ్ అనే నటుల కుటుంబం రావడంతో మొదలుపెట్టాడు. ఆ కుటుంబం గురించి ఆయన ముఖ్యంగా ఆధారపడింది ఆ ఇంటి కొడుకు ముసలితనంలో చెప్పుకున్న జ్ఞాపకాల మీద. ఆ కొడుకు చిన్నపిల్లవాడిగా వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో మొదటిసారి స్టేజి ఎక్కి, ఉన్న ఒక్క వాక్యమూ మర్చిపోయి, ఏడుస్తూ లోపలికి పారిపోయాడట. ఆ ముచ్చట మనకు దక్కింది డన్‌లాప్ వల్లే. కానీ హాలమ్ వాళ్ల కంటే ముందే, 1750లో, ముర్రే, కీన్ అనేవాళ్ల సమాజం న్యూయార్క్‌లో ఆడింది. విలియమ్స్‌బర్గ్‌లో థియేటర్ కట్టడానికి ఒప్పందం 1716లోనే రాసుకున్నారు. ముందు వచ్చినవాళ్లు ఆ కథలో వెనక్కి పోయారు. ఇందులో ఎవరి మోసమూ లేదు. చెప్పినవాడికి తన ఇల్లే మొదలు అనిపించింది, రాసినవాడు దాన్ని నమ్మాడు. మీ అక్క పుస్తకంలో కూడా కొంత ఇలాగే జరిగి ఉండవచ్చు. అంతా కావాలని చేసిందే అని ఇప్పుడే తేల్చేయకండి. ముప్పై ఏళ్లలో ఆవిడ తలలో ఆ మొదటి నాటకం తనదైపోయి ఉండవచ్చు.

జ్ఞాపకానికి ఎదురుగా కాగితం ఎలా నిలబడుతుందో కూడా చెబుతాను. ఫిలడెల్ఫియాలో విలియం వుడ్ అనే నటుడు, విలియం వారెన్‌తో కలిసి చెస్ట్‌నట్ స్ట్రీట్ థియేటర్ నడిపాడు. వాళ్ల భాగస్వామ్యమూ 1826లో తెగిపోయింది. వుడ్ 1855లో జ్ఞాపకాల పుస్తకం వేశాడు. అది బాగానే ఉంటుంది. కానీ పరిశోధకులకు అసలు నిధి ఆయన 1810 నుంచి ఏళ్ల తరబడి ఏ రోజుకారోజు రాసుకున్న లెక్కల పుస్తకం. ఏ రాత్రి ఏ నాటకం ఆడారు, ఎంత వసూలైంది, అంతే. అది నూరేళ్ల తరవాత, 1932లో అచ్చయింది. ఎవరి మీదా ఒక్క చెడ్డమాట అనకుండా ఆ అంకెలే ఆ థియేటర్ బతుకంతా చెబుతాయి. మీ దగ్గర స్క్రిప్టులు, అద్దె రసీదులు, వ్యాన్ పెట్రోలు చీటీలు ఒక అట్టపెట్టెలో ఉన్నాయని రాశారు. ఆ పెట్టె మీ పుస్తకం కంటే విలువైనది కావచ్చు.

మూడోది, ముందుగా అక్కకు ఉత్తరం రాయడం. ఫోను వద్దు. ఆ జబ్బులో మాట కూడా తడబడుతుంది, వెంటనే జవాబు చెప్పాల్సి రావడం ఆవిడకు కష్టం. మధ్యవర్తుల్నీ పంపకండి, ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోయేసరికి మాట మారిపోతుంది. స్క్రిప్టు మొదటి పేజీ నకలు పెట్టి, "అక్కా, మొదటి నాటకం దర్శకత్వం నాదని నాకు గుర్తు. ఈ ప్రతి చూడు. పుస్తకం మళ్లీ వేసేటప్పుడు సరిచేస్తావా?" అని నాలుగు వాక్యాలు రాయండి. డబ్బు ఊసెత్తకండి. ఆ ఉత్తరం వాళ్ల పిల్లలు చదివినా తలవంపు రాని విధంగా ఉండాలి, ఎందుకంటే చదివి వినిపించేది బహుశా వాళ్లే. జవాబు రాకపోవచ్చు. "అది నాదే" అని రావచ్చు. అప్పుడు మళ్లీ గాయమవుతుంది, దానికి సిద్ధపడి రాయండి. ఆవిడ వైపు నుంచి ఏదైనా వినాల్సి రావచ్చు కూడా. 2011లో నలుగురి ముందు "మాటా మాటా పెరిగింది" అన్నారు గానీ మీరేమన్నారో రాయలేదు. ఆవిడకు ఆ మాట ఇంకా గుర్తుండి ఉంటుంది.

నాలుగోది, కోపమంతా ఒక నోటు పుస్తకంలో విడిగా రాసి పెట్టెలో పెట్టడం. దీన్ని మిగతా ఏ దారితోనైనా కలుపుకోవచ్చు. ఒకటే జాగ్రత్త. ఆ పుస్తకం మీ తదనంతరం మీ అమ్మాయి చేతికి వెళుతుంది. తగవు ఆస్తిలాగా ఆమెకు సంక్రమించాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

నా మనసు ముందు మూడోదానికి, తరవాత రెండోదానికి మొగ్గుతోంది. ఆవిడ ఏ జవాబిచ్చినా రెండోది ఆగకూడదు. కానీ పదిహేనేళ్లు వేదిక మీద నిలబడింది మీరు. ఏది భరించగలరో మీకే తెలుసు.

మీ ఊళ్లోనే ఉన్నది కాబట్టి ఇదొకటి చెప్పాలి. లడ్లో కుటుంబం కాగితాలు, సాల్ స్మిత్ కాగితాలు రెండూ మిసోరీ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. విడిపోయాక బతికుండగా మళ్లీ కలవలేని ఇద్దరి ఉత్తరాలు ఒకే సంస్థ భద్రపరిచింది. అదే ఊళ్లో ప్రొఫెసరుగా ఉన్న విలియం కార్సన్ ఆ కాగితాలు తిరగేసి, 1932లోనూ, మళ్లీ 1949లోనూ ఆ ఊరి నాటకరంగం మీద పుస్తకాలు రాశాడు. ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టి చూడగలిగింది మూడో మనిషి. మీ అట్టపెట్టెను కూడా స్కాన్ చేయించి, ఏదైనా లైబ్రరీ వాళ్లు భద్రపరుస్తారేమో కనుక్కోండి. రేపు ఎవరో తెలుగు పిల్లో పిల్లాడో ఈ చరిత్ర వెతుక్కుంటూ వస్తే ఆవిడ పుస్తకం, మీ పెట్టె రెండూ ఉండాలి.

ఇక పెన్సిల్ గీత. పదకొండు పేజీల్లో "మేమిద్దరం" అన్న మాట చాలాసార్లు వచ్చింది. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: "తెర కుట్టి, లైట్లు బిగించడానికి మరొకాయన ఉండేవారు." తొమ్మిదో పేజీలో మళ్లీ అన్నారు: "ఆ బేస్‌మెంట్ ఆయన వాళ్లదే." అంటే మీ బృందం పుట్టిన ఇల్లు ఆయనది, మీ మొదటి తెర ఆయన చేతి కుట్టు. ఆయన పేరు పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. మీరు కావాలని వదిలేశారని నేను అనుకోవడం లేదు. మీ బాధలో ఆయన గుర్తుకు రాలేదు, అంతే. మీ అక్క పుస్తకంలో కూడా ఆయన పేరు ఉందో లేదో చూడండి.

లడ్లో మాత్రం తనతో నడిచినవాళ్లను పేరుపేరునా రాసుకుంటూ వెళ్లాడు. ఆ పుస్తకం పేరులోనే మిసిసిపీ లోయలో ఆడిన నటీనటుల జీవిత రేఖలు కూడా ఇందులో ఉన్నాయని పెట్టుకున్నాడు. ఆ డెన్నీ అమ్మాయి గురించి మీకు తెలిసిందీ ఆయన రాయబట్టే.

కాబట్టి అక్కకు ఉత్తరం రాసే ముందు ఆయనకు ఫోను చేయండి. ఆ మొదటి తెర గుడ్డ ఎక్కడ కొన్నారు, ఏ రంగు, ఎన్ని గజాలు పట్టింది, ఎవరి కుట్టుమిషన్ మీద కుట్టారు, లాగే తాడు తెగినప్పుడు ఏం చేశారు, అన్నీ అడిగి రాసుకోండి. ఆ తెర ఇప్పుడు ఎవరింట్లో ఉందో కూడా అడగండి.